పాల రూటు, దాణా నిల్వ: సంఘ సభ్యులు వేసుకోవలసిన లెక్క

పాల సంఘాల మహాజన సభలలో ధర తరువాత ఎక్కువగా చర్చకు వచ్చే విషయం పాల వ్యాను. "మా ఊరికి ముందు రావాలి", "మా పాలు వ్యానులో ఎక్కువసేపు ఆగుతున్నవి", "అరవై లీటర్ల కోసం అంత దూరం వ్యాను పంపడం ఎందుకు?" అనే మూడు మాటలు దాదాపు ప్రతి రూటులోనూ వినపడతాయి. మొదటి రెండు మాటలు కొంత వాగ్వాదంతో ముగుస్తాయి. మూడవ మాట నెగ్గితే మాత్రం ఒక చిన్న సంఘం మూతపడుతుంది. ఆ ఊరిలో పూటకు రెండు లీటర్లు పోసుకొని ఇల్లు గడుపుకొనే సభ్యురాలు మళ్లీ చిల్లర వర్తకుని గుమ్మం తొక్కవలసి వస్తుంది. కావున ఈ మాటలను గొంతు బలాన్ని బట్టి తేల్చరాదు, లెక్క వేసి తేల్చాలి. ఆ లెక్క పెద్దది కాదు. కూడికలు, తీసివేతలు, హెచ్చవేతలు వచ్చిన ఏ సభ్యుడైనా వేయగలడు. దానిని ఈ పాఠంలో వరుసగా చెప్పుతాము.

పాలు ఆగే సరుకు కాదు

ధాన్యం బస్తా గోదాములో ఆరు నెలలు ఉన్నా ధాన్యంగానే ఉంటుంది. పాలు అలా కాదు. పితికిన పాలు సుమారు 37 డిగ్రీల వేడితో పాత్రలోకి వస్తాయి. వాటిలో సూక్ష్మజీవుల పెరుగుదలను కొంతవరకు ఆపే సహజ రక్షణ ఉంటుంది. మన వాతావరణంలో అది సుమారు రెండు గంటలపాటు పనిచేస్తుంది. ఎండ ముదిరినకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. ఆ తరువాత కొన్ని జాతుల సూక్ష్మజీవులు అరగంటకు ఒకసారి రెట్టింపవుతాయి. అరగంటలో ఒకటి రెండయితే, రెండు గంటలలో ఒకటి పదహారవుతుంది. పాలను 4 డిగ్రీలకు చల్లార్చితేనే ఈ పెరుగుదలకు కళ్లెం పడుతుంది.

కనుక పాల విషయంలో దూరం ఒక్కటే ఖర్చు కాదు, ఆలస్యం కూడా ఖర్చే. డీజిలు ఖర్చు వ్యాను బిల్లులో కనిపిస్తుంది. ఆలస్యపు ఖర్చు బిల్లులో కనిపించదు. పులిసిన పాలు, మరిగించి చూసే పరీక్షలో విరిగిన పాలు, తగ్గించి కట్టిన ధర, ఈ రూపాలలో అది సభ్యుని పాసుపుస్తకంలో పడుతుంది. రూటు నిర్ణయించేటప్పుడు ఈ రెండు ఖర్చులనూ కలిపి చూడాలి. మేము ఈ పాఠంలో ముఖ్యంగా చెప్పదలచినది ఇదే.

లెక్క ఎందుకు కష్టమైనది

ఒక రూటులో నాలుగు సంఘాలు ఉంటే వాటిని తిరిగే వరుసలు 24. ఆరు సంఘాలుంటే 720. పది సంఘాలుంటే 36,28,800. ఇన్ని వరుసలనూ కాగితం మీద సరిచూడడం మనిషికి సాధ్యం కాదు. ఇది పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులను కూడా తిప్పలు పెట్టిన లెక్క. బెంగాలులో జనపనార సాగు విస్తీర్ణాన్ని సర్వే చేయించిన ప్రొఫెసరు మహలనోబిస్, సర్వే సిబ్బంది ఒక చోటు నుంచి మరొక చోటికి తిరగడానికి అయ్యే దూరాన్ని, ఖర్చును 1940లోనే లెక్కకు తెచ్చారు. అమెరికాలో 1954లో డాంట్‌జిగ్, ఫల్కర్సన్, జాన్సన్ అనే ముగ్గురు 49 నగరాలను చుట్టివచ్చే అతి తక్కువ దూరపు దారిని నిరూపణతో సహా కనుగొన్నారు. 1959లో డాంట్‌జిగ్, రామ్సర్ కలిసి, ఒక డిపో నుంచి అనేక పెట్రోలు బంకులకు లారీలను ఎలా పంపాలి అనే సమస్యను వివరించారు. మన పాల రూటు దీనికి తిరగేసిన రూపం. అక్కడ డిపో నుంచి సరుకు బయటికి పోతుంది, ఇక్కడ ఊళ్ల నుంచి సరుకు కేంద్రానికి వస్తుంది.

మనకు అన్నిటికంటే ఉపయోగపడే పద్ధతి 1964లో వెలువడింది. దానిని వ్రాసిన ఇద్దరిలో ఒకరైన క్లార్క్ ఇంగ్లండులోని మాంచెస్టరు నగరంలో సహకార టోకు సంఘంలో పనిచేసేవారు. రెండవవారు రైట్. ఆ టోకు సంఘం 1863లో ఏర్పడినది. సహకారోద్యమానికి పునాదిగా చెప్పుకొనే రాచ్‌డేల్ మార్గదర్శకుల సంఘం 1844లో ఆ నగరానికి దగ్గరలోనే పుట్టింది. అంటే ఈ లెక్కకు సహకారులతో చుట్టరికం ఉన్నది. ఈనాడు కంప్యూటర్లు రూట్లు వేస్తున్నా, ఆ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. దానికి కావలసినది ఒక కాగితం, ఒక పెన్సిలు.

మిగులు పద్ధతి

ఒక ఊహా రూటును తీసుకొందాము. శీతల కేంద్రాన్ని "శీ" అని, నాలుగు సంఘాలను "క, గ, చ, ట" అని పిలుద్దాము. ఏ ఊరికీ నొప్పి కలగకుండా అక్షరాలతోనే లెక్క చేస్తున్నాము. అంకెలు కూడా లెక్క కోసం వేసుకున్నవే.

కేంద్రం నుంచి దూరాలు: క 8 కి.మీ., గ 12 కి.మీ., చ 14 కి.మీ., ట 6 కి.మీ.

ఊళ్ల మధ్య దూరాలు: క–గ 5, గ–చ 4, చ–ట 9, క–చ 9, గ–ట 11, క–ట 14 కి.మీ.

ఒక్కొక్క ఊరికి విడివిడిగా వెళ్లి వస్తే రానుపోను 16, 24, 28, 12 కలిపి మొత్తం 80 కి.మీ. అవుతుంది. ఇప్పుడు ఏ రెండు ఊళ్లను ఒకే ట్రిప్పులో కలిపితే ఎంత దూరం మిగులుతుందో చూడాలి. సూత్రం ఇది: మొదటి ఊరికి కేంద్రం నుంచి దూరం, రెండవ ఊరికి కేంద్రం నుంచి దూరం కూడి, అందులో నుంచి ఆ రెండు ఊళ్ల మధ్య దూరం తీసివేయాలి.

గ–చ: 12 + 14 – 4 = 22
క–గ: 8 + 12 – 5 = 15
క–చ: 8 + 14 – 9 = 13
చ–ట: 14 + 6 – 9 = 11
గ–ట: 12 + 6 – 11 = 7
క–ట: 8 + 6 – 14 = 0

ఎక్కువ మిగులు ఉన్న జతతో మొదలుపెట్టాలి. మొదట గ, చ లను కలపాలి. తరువాత క ను గ కు కలపాలి. క–చ జత వచ్చినప్పుడు ఆ రెండూ అప్పటికే ఒకే గొలుసులో ఉన్నవి గనుక దానిని వదలివేయాలి. తరువాత ట ను చ కు కలపాలి. దారి పూర్తి అయినది: శీ – క – గ – చ – ట – శీ. దూరం 8, 5, 4, 9, 6 కూడితే 32 కి.మీ. విడివిడి ట్రిప్పుల 80 లో నుంచి 22, 15, 11 తీసివేసినా అదే 32 వస్తుంది. ఇలా లెక్క సరిచూసుకోవచ్చు.

ఒక నియమం మరువరాదు. గొలుసులో ఊరిని కలిపే ముందు క్యాన్లు వ్యానులో పడతాయా లేదా చూడాలి. పట్టకపోతే ఆ జతను వదలి తరువాతి జతకు వెళ్లాలి. ఈ పద్ధతి ప్రతిసారీ అతి తక్కువ దూరాన్నే ఇస్తుందని హామీ లేదు. కాని అలవాటుగా తిరిగే దారికంటే మంచి దారిని చాలాసార్లు చూపుతుంది. వచ్చిన దారిని చివర ఒకసారి కంటితో చూసి, ఎక్కడైనా దారి తనను తానే అడ్డంగా దాటుతుంటే అక్కడ రెండు ఊళ్ల వరుస మార్చి చూడాలి.

దూరాలను పటం మీద దారంతో కొలవకూడదు. మైలవరం ప్రాంతంలో ఈ సంగతి అందరికీ తెలిసినదే. కొండకు ఇటు ఒక ఊరు, అటు ఒక ఊరు ఉంటే పటంలో రెండు వేళ్ల దూరమే, దారిలో మాత్రం చుట్టు తిరగాలి. డెల్టాలో గుడివాడ, కైకలూరు, అవనిగడ్డ వైపు కొండలు లేవు గాని కాలువలు ఉన్నవి. ఎదురుగా కనిపించే ఊరికి కూడా వంతెన ఉన్న చోటికి పోయి తిరిగి రావాలి. కనుక వ్యాను మీటరులో పడిన దూరాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఏ వైపు నుంచి తిరగాలి

పై దారిని క వైపు నుంచి తిరిగినా, ట వైపు నుంచి తిరిగినా దూరం 32 కి.మీ.లే. డీజిలు ఒకటే. "ఎటు తిరిగినా ఒకటే గదా" అని చాలామంది అనుకొంటారు. కాని పాలకు అది ఒకటి కాదు. లీటర్లు వేసుకొని చూద్దాము. క సంఘం 240 లీటర్లు, గ 80, చ 60, ట 100, మొత్తం 480 లీటర్లు. పల్లె దారిలో కిలోమీటరుకు మూడు నిమిషాలు, ప్రతి సంఘం దగ్గర క్యాన్లు ఎక్కించడానికి పది నిమిషాలు అనుకొందాము. క్యాన్లు ఎక్కినప్పటి నుంచి కేంద్రం చేరే వరకు ఏ ఊరి పాలు ఎంతసేపు వ్యానులో ఉంటాయో ఇలా వస్తుంది.

క వైపు నుంచి తిరిగితే: క పాలు 102 నిమిషాలు, గ పాలు 77, చ పాలు 55, ట పాలు 18 నిమిషాలు.

ట వైపు నుంచి తిరిగితే: ట పాలు 108 నిమిషాలు, చ పాలు 71, గ పాలు 49, క పాలు 24 నిమిషాలు.

ఇప్పుడు లీటర్లను నిమిషాలతో హెచ్చించి కూడాలి. మొదటి వైపు 35,740 లీటరు నిమిషాలు వస్తుంది. రెండవ వైపు 24,740 మాత్రమే. దీనిని 480 తో భాగిస్తే మొదటి వైపు సగటున ప్రతి లీటరు 74 నిమిషాలకు పైగా, రెండవ వైపు దాదాపు 52 నిమిషాలు వ్యానులో ఆగుతున్నది. ఒక్క పైసా అదనపు డీజిలు లేకుండా సగటు లీటరుకు 23 నిమిషాలు కలిసివచ్చినవి. ఎక్కువ పాలు పోసే ఊరిని చివర కలుపుకోవడం మంచిదనే మాటకు ఆధారం ఇదే.

అయితే ఇక్కడ రెండు చిక్కులు ఉన్నవి. వాటిని దాచిపెట్టి లెక్క చెప్పితే సభలో నిలబడదు.

మొదటిది, ట సంఘానికి జరిగే నష్టం. దాని పాలు 18 నిమిషాలకు బదులు 108 నిమిషాలు తిరుగుతున్నవి. మొత్తం రూటుకు మేలు జరిగిందని ఒక ఊరి పాలు పులిసే పరిస్థితి తేకూడదు. ట సంఘం పాల సేకరణను వ్యాను వచ్చే సమయానికి సరిగా ముగిసేటట్లు పెట్టుకొంటే, ఆ పాలు సంఘంలో ఆగే సమయం తగ్గి, వ్యానులో పెరిగిన సమయంలో కొంత పూడుతుంది. అది చాలకపోతే, వేసవి నెలలలో ఆ సంఘం క్యాన్లకు తడి గోనె కప్పి, నీడలో ఎక్కించే ఏర్పాటు చేయాలి. అప్పటికీ ఆమ్లత్వం పెరుగుతుంటే పాత వరుసకు రావలసిందే.

రెండవది, క సంఘానికి చెందిన బాధ్యత. వ్యాను కేంద్రం నుంచి 6 గంటలకు బయలుదేరితే ట దగ్గర 6.28 కి, చ దగ్గర 7.05 కి, గ దగ్గర 7.27 కి, క దగ్గర 7.52 కి క్యాన్లు ఎక్కించుకొని, 8.16 కి కేంద్రం చేరుతుంది. క సంఘంలో ఎప్పటివలె ఐదున్నరకే పాలు పోయడం మొదలుపెడితే ఆ పాలు సంఘం గదిలోనే రెండు గంటలకు పైగా కూర్చుంటాయి. పాలు వ్యానులో ఆగినా, సంఘంలో ఆగినా సూక్ష్మజీవికి తేడా లేదు. మనము లెక్కలో సంపాదించిన 23 నిమిషాలు అక్కడే పోతాయి. కనుక క సంఘం సేకరణ వేళను 6.40 నుంచి 7.40 వరకు మార్చుకోవాలి. గేదెలు అలవాటుపడిన వేళను ఒక్కసారిగా గంట జరపరాదు. రోజుకు కొన్ని నిమిషాల చొప్పున జరుపుకొంటూ పోవాలి, సాయంత్రపు పితుకుడు కూడా దానికి తగినట్లు జరగాలి. క సంఘం సభ్యులు దీనికి ఒప్పుకోకపోతే వ్యాను దిశ మార్చడం వృథా. అంటే రూటును నిర్ణయించేది కేంద్రంలో కూర్చున్న అధికారి ఒక్కడే కాదు, తెల్లవారుజామున గేదె దగ్గర కూర్చున్న మనిషి కూడా.

చిన్న సంఘాన్ని తీసివేస్తే ఏమి మిగులుతుంది?

ఇక మొదట చెప్పిన మూడవ మాటకు వద్దాము. చ సంఘం 60 లీటర్లే ఇస్తున్నది. కేంద్రానికి 14 కి.మీ. దూరం. వ్యాను ఖర్చు కిలోమీటరుకు 15 రూపాయలు అనుకొందాము. సమావేశాలలో సాధారణంగా వేసే లెక్క ఇలా ఉంటుంది: రానుపోను 28 కి.మీ., 420 రూపాయలు, 60 లీటర్లకు పంచితే లీటరుకు 7 రూపాయలు. ఈ అంకె వినగానే అందరూ తల ఊపుతారు. తీసివేయాలని తీర్మానం వ్రాసుకొంటారు.

ఈ లెక్కలో తప్పు ఎక్కడ ఉన్నది? వ్యాను చ కోసమే ప్రత్యేకంగా 28 కి.మీ. తిరగడం లేదు. గ నుంచి ట కు పోయే దారికి దగ్గరలోనే చ ఉన్నది. చ ను తీసివేస్తే కొత్త దారి శీ – క – గ – ట – శీ. దూరం 8, 5, 11, 6 కలిపి 30 కి.మీ. మిగిలినది 28 కాదు, 2 మాత్రమే. డబ్బులో 30 రూపాయలు, లీటరుకు 50 పైసలు. సమయంలో ఆరు నిమిషాల ప్రయాణం, పది నిమిషాల ఆగడం కలిపి 16 నిమిషాలు. ఏడు రూపాయలకు, యాభై పైసలకు ఉన్న తేడాలో ఒక సంఘం బతుకు ఉన్నది.

అయితే చిన్న సంఘాలను ఎప్పుడూ తీసివేయరాదని మేము చెప్పడం లేదు. ఆ ఊరు అసలు దారికి దూరంగా, ఒంటరిగా కొసన ఉంటే లెక్క వేరుగా వస్తుంది. పాలు పుష్కలంగా వచ్చే శీతకాలంలో వ్యాను నిండిపోయి, దాని మూలంగా రెండవ వ్యాను పెట్టవలసి వస్తే అప్పుడూ లెక్క మారుతుంది. మేము చెప్పేది ఒక్కటే. ఊరిని తీసివేసే ముందు, ఆ ఊరు ఉన్న రూటు దూరం ఎంత, లేని రూటు దూరం ఎంత అని రెండు అంకెలు వేసి, వాటి తేడాను మాత్రమే ఆ ఊరి ఖాతాలో వ్రాయాలి. ఈ తేడా చూపని తీర్మానాన్ని సభ్యులు ప్రశ్నించాలి.

చిన్న సంఘం కూడా తన వంతు చేయాలి. 60 లీటర్లు అంటే 40 లీటర్ల క్యాను ఒకటిన్నర. సగం నిండిన క్యాను గతుకుల దారిలో చిలికినట్లు కుదిలి వెన్న పైకి తేలుతుంది, నమూనా తీసినప్పుడు వెన్న శాతం సరిగా పడదు. అటువంటి చోట రెండవ క్యాను 20 లీటర్లది పెట్టుకొంటే నష్టం తప్పుతుంది. వ్యాను వచ్చేసరికి క్యాన్లు గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంటే పది నిమిషాల ఆగడం ఐదు నిమిషాలవుతుంది.

దాణా నిల్వ ఎంత ఉండాలి?

సంఘం దగ్గర ఆగే మరొక సరుకు దాణా. కొన్ని సంఘాలు వారానికొకసారి పది బస్తాలు తెచ్చి కిరాయికే డబ్బు పోస్తాయి. మరికొన్ని ఒకేసారి లారీ నింపి తెచ్చి, ఎలుకలకు, చెమ్మకు సగం వదులుకొంటాయి. ఈ రెండింటి మధ్య సరైన పరిమాణం ఏదో చెప్పే సూత్రాన్ని 1913లో అమెరికాలో హారిస్ అనే ఆయన ఇచ్చారు.

దాణా తెచ్చే ఖర్చులు రెండు రకాలు. ట్రిప్పు ఖర్చు ఎన్ని బస్తాలు తెచ్చినా ఒకటే. నిల్వ ఖర్చు బస్తాలు పెరిగినకొద్దీ పెరుగుతుంది. పెట్టుబడి మీద వడ్డీ, ఎలుకల నష్టం, చెమ్మ నష్టం ఇందులోకి వస్తాయి. ఒక సంఘం ఏడాదికి 720 బస్తాలు అమ్ముతుందని, ట్రిప్పుకు 500 రూపాయలు, బస్తాను ఏడాది నిల్వ ఉంచితే 50 రూపాయలు ఖర్చని అనుకొందాము. ఒకసారి తెచ్చిన సరుకు క్రమంగా అమ్ముడవుతుంది గనుక సగటు నిల్వ అందులో సగం ఉంటుంది.

30 బస్తాల చొప్పున: ట్రిప్పులు 24, ట్రిప్పు ఖర్చు 12,000, నిల్వ ఖర్చు 750, మొత్తం 12,750 రూపాయలు.
60 బస్తాల చొప్పున: ట్రిప్పులు 12, ట్రిప్పు ఖర్చు 6,000, నిల్వ ఖర్చు 1,500, మొత్తం 7,500 రూపాయలు.
120 బస్తాల చొప్పున: ట్రిప్పులు 6, ట్రిప్పు ఖర్చు 3,000, నిల్వ ఖర్చు 3,000, మొత్తం 6,000 రూపాయలు.
240 బస్తాల చొప్పున: ట్రిప్పులు 3, ట్రిప్పు ఖర్చు 1,500, నిల్వ ఖర్చు 6,000, మొత్తం 7,500 రూపాయలు.

రెండు ఖర్చులూ సమానమైన చోట మొత్తం తక్కువగా ఉన్నది. పట్టిక వేయకుండా నేరుగా కనుక్కోవాలంటే, ఏడాది అమ్మకాన్ని ట్రిప్పు ఖర్చుతో హెచ్చించి, రెట్టింపు చేసి, బస్తా ఏడాది నిల్వ ఖర్చుతో భాగించి, వర్గమూలం తీయాలి. పై అంకెలకు 14,400 వచ్చి, దాని వర్గమూలం 120 అవుతుంది.

కాని సూత్రం చెప్పిన 120 బస్తాలు రెండు నెలల సరుకు. వానాకాలంలో రెండు నెలలు గదిలో ఉన్న దాణాకు బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం గేదె కడుపులోకి పోయి, రూపం మారి పాలలోకి వస్తుంది. కాచినా అది పోదు. కావున వానాకాలంలో 60 బస్తాలకు మించి తేకపోవడం మంచిది. దానివల్ల ఏడాదికి అదనంగా పడేది, ఏడాదంతా అలాగే తెచ్చినా, 1,500 రూపాయలు. బస్తాకు రెండు రూపాయల పైచిలుకు. బూజు పట్టిన ఒక్క బస్తా పారబోసిన నష్టం దీనికంటే ఎక్కువ.

రూటూ నిల్వా కలిసే చోటు

అదనపు ఖర్చు లేకుండా తాజా దాణా తెచ్చుకొనే మార్గం కూడా ఉన్నది. ఉదయం పాలు దింపుకొన్న తరువాత కడిగిన ఖాళీ క్యాన్లను ఊళ్లకు చేర్చే వ్యాను చాలా రూట్లలో సగం ఖాళీగానే పోతుంది. అందులో దాణా బస్తాలు వేస్తే ట్రిప్పు ఖర్చు 500 నుంచి 125 రూపాయలకు దిగిందనుకొందాము. సూత్రంలో ఈ అంకె వేస్తే 3,600 వచ్చి, వర్గమూలం 60 అవుతుంది. అంటే నెలకొకసారి 60 బస్తాలు తేవడమే ఇప్పుడు అన్నిటికంటే చౌక. ట్రిప్పు ఖర్చు 1,500, నిల్వ ఖర్చు 1,500, మొత్తం 3,000 రూపాయలు. ముందటి ఖర్చులో ఇది సగం, దాణా కూడా తాజాది.

పాలు ఉన్న క్యాన్ల పక్కన దాణా వేయకూడదు. ఖాళీ క్యాన్ల మూతలు బిగించి ఉండాలి. బస్తాలు దించిన తరువాత వ్యాను అడుగు కడగాలి. పురుగు మందులు, ఎరువులు ఆ వ్యానులో ఎక్కించనేకూడదు.

వానాకాలపు జాగ్రత్త

మైలవరం చుట్టూ ఉన్న కొండలలో పుట్టే బుడమేరు ఏటా ఒకే తీరుగా ప్రవహించదు. 2024 సెప్టెంబరు మొదటి రోజులలో అది పొంగి, గండ్లు పడి, విజయవాడలో పెద్ద భాగం నీట మునిగినది. అటువంటి రోజులలో పాలు ఊరిలోనూ ఆగుతాయి, దాణా పట్టణంలోనూ ఆగుతుంది. కనుక ఏ దారి మూసుకుపోతే ఏ దారిన పోవాలో వర్షాలకు ముందే వ్రాసిపెట్టుకోవాలి.

దీనికి మిగులు పట్టికే దారి చూపుతుంది. క, గ ల మధ్య వాగు పొంగినది అనుకొందాము. క–చ దారి కూడా గ మీదుగానే ఉన్నదనుకొందాము. అప్పుడు క కు విడిగా 16 కి.మీ., మిగిలిన మూడు ఊళ్లకు 31 కి.మీ., మొత్తం 47. పెరిగినది 15 కి.మీ. పట్టికలో క–గ జతకు ఉన్న మిగులు కూడా 15. అంటే పట్టికలో ఏ జత మిగులు ఎక్కువగా ఉన్నదో, ఆ రెండు ఊళ్ల మధ్య దారి తెగితే నష్టం అంత ఎక్కువ. పంచాయతీని, రోడ్ల శాఖను కల్వర్టు బాగుచేయమని అడిగేటప్పుడు ఈ అంకె చేతిలో ఉంటే అర్జీకి బలం వస్తుంది.

దాణాకు కూడా అట్టడుగు నిల్వ పెట్టుకోవాలి. నెలకు 60 బస్తాలంటే రోజుకు రెండు. కబురు పంపిన తరువాత సరుకు రావడానికి ఐదు రోజులు పడితే పది బస్తాలు, వర్షపు ఇబ్బందికి మరొక పది బస్తాలు. గదిలో 20 బస్తాలు మిగలగానే ఇండెంటు పంపాలి. ఆ గీతను గోడ మీద సుద్దతో గీసి ఉంచితే కార్యదర్శి లేని రోజున కూడా పని ఆగదు. ముందు వచ్చిన బస్తాను ముందు అమ్మాలి, కొత్త సరుకును వెనుక పేర్చాలి.

సంఘాలు చేయవలసిన పనులు

ఆపరేషన్ ఫ్లడ్ 1970లో మొదలై 1996 వరకు మూడు దశలలో జరిగినది. మన రాష్ట్రంలో 1974లో పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడినవి. అప్పటి రూట్లు ఆనాటి రోడ్లను, ఆనాటి పాలను బట్టి వేసినవి. తరువాత రోడ్లు మారినవి. చాలా చోట్ల ఊరికి దగ్గరలోనే పెద్ద శీతల తొట్లు వచ్చినవి. కొన్ని ఊళ్లలో పాలు పెరిగినవి, కొన్నింట తగ్గినవి. కావున ప్రతి రూటును ఏడాదికి రెండుసార్లు, శీతకాలం ముందు ఒకసారి, వేసవి ముందు ఒకసారి తిరిగి లెక్క చూడాలి. అందుకు ప్రతి సంఘం ఈ నాలుగు వివరాలు ఒక పుస్తకంలో వారం రోజులపాటు వ్రాస్తే చాలును: పూటకు వచ్చిన లీటర్లు, మొదటి సభ్యుడు పాలు పోసిన వేళ, వ్యాను క్యాన్లు ఎక్కించుకొన్న వేళ, కేంద్రం చేరిన వేళ. రూటులోని సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు ఒకచోట కూర్చొని ఆ పుస్తకాలను ముందు పెట్టుకొని మాట్లాడాలి. వచ్చిన ఫలితాన్ని మహాజన సభలో అందరికీ అర్థమయ్యేటట్లు చదివి వినిపించాలి.

అభ్యాసం

1. పై రూటులో క సంఘం 100 లీటర్లు, ట సంఘం 300 లీటర్లు ఇస్తే వ్యాను ఏ వైపు నుంచి తిరగాలి? (జవాబు: క వైపు నుంచి. లీటరు నిమిషాలు 25,060. ట వైపు నుంచి అయితే 42,980.)

2. ఏడాదికి 360 బస్తాల దాణా అమ్మే సంఘానికి ట్రిప్పు ఖర్చు 250 రూపాయలు, బస్తా నిల్వ ఖర్చు 50 రూపాయలు. ఒక్కొక్కసారి ఎన్ని బస్తాలు తేవాలి? (జవాబు: 60 బస్తాలు, ఏడాదికి ఆరుసార్లు. వానాకాలంలో నెలకు 30 బస్తాల చొప్పున తేవడం క్షేమం.)

3. మీ రూటులో అన్నిటికంటే తక్కువ పాలు ఇచ్చే సంఘాన్ని తీసుకొని, అది ఉన్నప్పటి దూరం, లేనప్పటి దూరం వేసి తేడా వ్రాయండి. దీనికి జవాబు మీ వ్యాను మీటరే చెప్పాలి.